వెనుదిరుగు వేళ

కొండ నెక్కుట మనవారికి క్రొత్తపని కాదు. తిరుమల మెట్లెక్కినవారును, శివరాత్రికి నల్లమల యడవిలో నడచి శ్రీశైలము చేరినవారును ప్రతి గ్రామమునను కలరు. పూర్వము అట్టి యాత్రకు ఎవరును ఒంటరిగా బయలుదేరెడివారు కారు. దారి యెరిగినవాడు ముందు నడచును. ముసలివారును పిల్లలును నడుమ నుందురు. బలముగలవాడొకడు అందరికిని వెనుక వచ్చును. నీరు దొరకు తావులును, మజిలీలును ముందుగనే నిర్ణయించుకొనెడివారు. ప్రొద్దు గ్రుంకకముందే మజిలీ చేరవలెనను నియమ ముండెడిది. ఇవి యెన్నియో తరముల యనుభవము నేర్పిన నియమములు.

ఇప్పుడు మన పల్లెల యువకులు కొండలకును, జలపాతములకును, హిమాలయములకును వినోదార్థము పోవుచున్నారు. వారికి పెద్దలు చెప్పవలసిన దేమి? పోవద్దని చెప్పుట సులభము. ఆ మాట వారు వినరు. వినవలసిన పనియు లేదు. శరీరమునకు శ్రమయు, మనస్సునకు ధైర్యమును నేర్పు ఆటలలో కొండనడక మేలైనది. పోవువాడు క్షేమముగా తిరిగివచ్చు మార్గమేదో చెప్పగలిగిననే పెద్దరికమునకు సార్థక్యము.

ఆ మార్గమును తెలిసికొనుటకు లోకములో కెల్ల ఎత్తైన ఎవరెస్టు శిఖరము నెక్కినవారి చరిత్రము మిక్కిలి యుపకరించును. శిఖరము చేరినవారి పేరులు లోకమంతయు నెరుగును. శిఖరము కన్నులకు కనబడుచుండగా, కాలము చాలదనియో, బలము చాలదనియో గ్రహించి వెనుకకు మరలినవారి పేరులు కొందరే యెరుగుదురు. ఈ ప్రసంగము ముఖ్యముగా ఆ రెండవ తెగవారిని గూర్చినది.

ఈ కథకు మన దక్షిణదేశముతో సంబంధము కలదు. 1802లో విలియం లాంబ్టన్ అను సైనికోద్యోగి చెన్నపట్టణము చేరువ పరంగికొండ దగ్గర నేలను గొలుసుతో కొలిచి, ఆ కొలత నాధారముగా గొని త్రికోణములు పేర్చుచు దేశమంతయు కొలుచు మహాకార్యమునకు పునాది వేసెను. 1818 చివర జార్జి ఎవరెస్టు అను యువకుడు హైదరాబాదు చేరి అతనికి సహాయుడయ్యెను. మరుసటి యేట అతడు కృష్ణా గోదావరీ నదుల నడిమి యడవులలో కొలత పనికి పంపబడెను. అది వానకాలము. వాన వెలిసిన వెనుక గాలి నిర్మలమై దూరపు కొండలు స్పష్టముగా కనబడును. కనుక కొలతకు అదియే యనువైన కాలమని వారెంచిరి. కాని అడవిజ్వరమునకును అదియే యనువైన కాలము. ఎవరెస్టును, అతని పరివారమును జ్వరముపాలై హైదరాబాదునకు చేర్పబడిరి. కొందరు మరణించిరి. ఎవరెస్టు 1820లో ఆరోగ్యము కుదుర్చుకొనుటకై దక్షిణాఫ్రికాలోని కేప్ సీమకు పోవలసివచ్చెను. ఏ మనుష్యుని పేరు లోకములోని మహోన్నత శిఖరమునకు పెట్టబడెనో, ఆ మనుష్యుని పడగొట్టినది తెలుగుదేశపు టడవిలోని వానకాలము. పని యెంత ముఖ్యమైనను, ఋతువు నెదిరించి అడవిలో అడుగుపెట్టరాదని యీ చరిత్రములోని మొదటి పాఠము.

ఆ కొలత పని క్రమముగా ఉత్తరమునకు సాగి హిమాలయముల నందుకొనెను. 1852లో రాధానాథ సిక్దారు అను వంగదేశీయ గణితజ్ఞుడు దూరమునుండి కొలిచిన కోణములనుబట్టి లెక్కగట్టి, పదునైదవ సంఖ్యగల శిఖరమే అన్నిటికంటె ఎత్తైనదని తేల్చెను. దాని యెత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించిరి. 1865లో దానికి ఎవరెస్టు పేరు స్థిరపడెను. నేపాలీయులు దానిని సగరమాథ యందురు. టిబెట్టువారు చోమొలుంగ్మ యందురు. 2020లో నేపాలు, చీనా ప్రభుత్వములు కలిసి ప్రకటించిన యెత్తు 8,848.86 మీటర్లు, అనగా 29,031 అడుగులకు కొంచెము పైన. అంత యెత్తున గాలి యొత్తిడి సముద్రతీరమున నుండుదానిలో మూడవవంతు మాత్రమే. పది యడుగులు వేసి మనుష్యుడు నిలిచి రొప్పవలసివచ్చును. బుద్ధి మందగించును. ఆకలి చచ్చును. తాను సరిగా ఆలోచించుట లేదని తనకు తెలియకపోవుట అచటి అపాయములలోకెల్ల పెద్దది.

1921లో ఆంగ్లేయులు దారి వెదకుటకై టిబెట్టు మీదుగా తొలి యాత్ర చేసిరి. ఎత్తైన తావులలో మానవశరీర మెట్లుండునో పరిశోధించిన విద్వాంసుడు డాక్టరు కెల్లాస్ ఆ యాత్రలో నుండెను. దారిలో విరేచనముల వ్యాధిచే నీరసించియు అతడు వెనుకకు మరలలేదు; డోలీలో మోయించుకొని ముందునకే సాగెను. జూన్ 5వ తేదీన, శిఖరము నింకను సమీపింపకయే, గుండె యాగి మరణించెను. పర్వతవ్యాధిని గూర్చి అంత తెలిసినవానికే ఆ గతి పట్టెను. రోగముతో కొండదారి పట్టరాదను మాట చదువుకొన్నవానికిని చదువుకొననివానికిని ఒక్కటే.

మరుసటి యేడు జనరల్ చార్లెస్ బ్రూస్ నాయకత్వమున తొలి యారోహణ ప్రయత్నము జరిగెను. మే 27వ తేదీన జార్జి ఫించ్, జెఫ్రీ బ్రూస్ అను నిరువురు ప్రాణవాయువు నింపిన సిలిండర్లు వీపున మోయుచు సుమారు 27,300 అడుగులు చేరిరి. అంతకు పూర్వము ఏ మానవుడును అంత యెత్తు నెక్కియుండలేదు. అచట బ్రూసు పరికరము చెడి ఊపిరి యందకపోయెను. ఫించ్ దానిని బాగుచేసెను గాని, తోడివాని స్థితి చూచి, ఇక నెక్కుట తగదని నిశ్చయించి, వానిని వెంటబెట్టుకొని దిగివచ్చెను.

అంతటితో చాలించియున్న బాగుండెడిది. వానకాలము సమీపించెను. జూన్ మొదటి వారమున మంచు దట్టముగా కురిసెను. అది కుదురుకొనకముందే, జూన్ 7వ తేదీన మాలరీ, సోమర్వెల్, క్రాఫర్డ్ అను ముగ్గురు 14 మంది కూలీలతో ఉత్తరపు కనుమ వాలు నెక్కసాగిరి. పాతగోడపై పూసిన సున్నము అంటుకొనకముందే పెళ్లగా జారిపడినట్లు, క్రొత్తమంచు పాతమంచుపై నిలువక ఒక్కసారి జారెను. బరువులు మోయు కొండవారిలో ఏడుగురు దానిక్రింద పడి ప్రాణములు విడిచిరి. తెల్లవారిలో ఒక్కడైనను చనిపోలేదు. నిర్ణయము చేసినవా రొకరు, దాని ఫల మనుభవించినవారు మరియొకరు. ఈ సంగతి సోమర్వెల్ మనస్సున ముల్లువలె నాటెను. ఆ వేదనను అతడు పిమ్మట తన గ్రంథమున దాచక వ్రాసెను.

ఈ సోమర్వెల్ శస్త్రవైద్యుడు. మొదటి యాత్ర ముగిసిన పిమ్మట మన దేశపు దక్షిణభాగమును చూడవచ్చి, తిరువాన్కూరు సంస్థానములోని నెయ్యూరు వైద్యశాలలో రోగుల రద్దియు, వైద్యుల కొరతయు చూచి, తన జీవితము నచటనే గడప నిశ్చయించెను. పెక్కేండ్లచట సేవచేసి, 1949 నుండి వేలూరు వైద్యకళాశాలలో బోధించెను. మన రాయలసీమ, నెల్లూరు ప్రాంతములవారు చికిత్సకై పోవు వేలూరు వైద్యశాల అదియే. 1924లో అతడు మరల ఎవరెస్టునకు పోయెను. ఆ యేడు జరిగినది శ్రద్ధగా వినదగినది.

మే నెలలో తుఫాను చెలరేగుటచే ఉత్తరపు కనుమపై, సుమారు 23,000 అడుగుల యెత్తున, నలుగురు కూలీలు చిక్కువడిపోయిరి. నాయకుడు నార్టనును, మాలరీయు, సోమర్వెలును అప్పటికే దగ్గుచే బాధపడుచుండిరి. పైకి పోవుటకై దాచుకొన్న బలమును ఇప్పుడు వ్యయము చేసినచో శిఖరము చేజారవచ్చును. అయినను ముగ్గురును ఆలోచింపక బయలుదేరిరి. సోమర్వెల్ నడుమున త్రాడు కట్టుకొని మంచువాలుపై అడ్డముగా సాగెను. కూలీలను చేరుటకు ఇంకను పది గజములుండగా త్రాడు చాలకపోయెను. ఇద్దరు ఎట్లో జాగ్రత్తగా దాటి అతనిని చేరిరి. మిగిలిన యిద్దరు తొందరపడి ఒక్కసారి కదలగా, కాలిక్రింది మంచు విరిగి కొంతదూరము జారి, అగాధమున కీవల నిలిచిరి. కదలకుడని సోమర్వెల్ కేకవేసెను. తన నడుము త్రాడు విప్పి, మంచుగొడ్డలిని లోతుగా దిగవేసి, దానికి త్రాడు చుట్టి, ఒకచేత త్రాడు కొస పట్టుకొని, రెండవచేయి చాచి ఒకరి వెనుక నొకరిని మెడపట్టి యీవలకు లాగెను. నలుగురును బ్రదికిరి. రెండేండ్లక్రింద పోయిన యేడు ప్రాణములను అతడు మరువలేదని దీనివలన తెలియుచున్నది. ఆరోహణ ప్రయత్నము కొన్ని దినములు వెనుకబడెను. దానికి వారెవరును చింతింపలేదు.

జూన్ 4వ తేదీన నార్టను, సోమర్వెల్ ప్రాణవాయు సాధనము లేకుండ శిఖరమునకు బయలుదేరిరి. సుమారు 28,000 అడుగుల దగ్గర సోమర్వెల్ గొంతు పూడుకొని వచ్చి కూలబడెను. నార్టను ఒంటరిగా సాగి 28,126 అడుగులు చేరెను. శిఖరము ఇంక 900 అడుగులే. మధ్యాహ్నము ఒంటిగంట యయ్యెను. పలకలవంటి రాళ్లపై పలుచని మంచు కప్పియుండెను. జారిన పట్టుకొనుటకేమియు లేదు. త్రాడుకొస పట్టువాడు లేడు. తన నడక వేగమును, మిగిలిన పగటిని లెక్కించుకొని నార్టను వెనుకకు తిరిగెను. దారిని సరిగా చూచుటకై నల్లకళ్లద్దములు తీసివేసినందున ఆ రాత్రి అతని కన్నులు పూర్తిగా కనబడకుండ పోయెను. కొన్ని దినములకు మరల చూపు వచ్చెను. దిగుదారిలో సోమర్వెల్ గొంతులోని పొర యూడి అడ్డుపడి ఊపిరి యాగిపోగా, చావు తప్పదని మంచుపై కూర్చుండి, కడపటి ప్రయత్నముగా రెండుచేతులతో రొమ్ము నదిమి దగ్గి దానిని బయటకు త్రోసివేసెను. ఒక్క గంట ఆలస్యమైనను వారిరువురిలో నెవరును మిగిలియుండరు. ప్రాణవాయు సాధనము లేకుండ ఆ శిఖరము నెక్కుట 1978 వరకు ఎవరికిని సాధ్యపడలేదు. 1924లో ఒంటిగంటకు నార్టను వేసిన లెక్క సరియైనదని దీనిచే ఋజువైనది.

నాలుగు దినములకు మాలరీయు, ఇర్విను అను యువకుడును బయలుదేరిరి. జూన్ 8వ తేదీ మధ్యాహ్నము 12 గంటల 50 నిమిషములకు మబ్బు విడివడినప్పుడు, శిఖరమునకు పోవు గట్టుపై రెండు నల్లని చుక్కలవలె వారిని ఓడెల్ అను సహచరుడు చూచెను. మబ్బు మరల కమ్మెను. వారు తిరిగిరాలేదు. వారు శిఖరము చేరిరో లేదో నేటికిని నిశ్చయముగా చెప్పుటకు వీలులేదు. 1933లో అచటికి పోయినవారికి మాలరీ కడపటి గుడారములో అతడు మరచిపోయిన టార్చిలైటు దొరకెను. మీట నొక్కగా అది వెలిగెను. 1999లో మాలరీ శరీరము సుమారు 26,700 అడుగుల యెత్తున కనబడెను. నడుమున తెగిన త్రాడుండెను. కళ్లద్దములు జేబులో నుండెను. దీనినిబట్టి వారు చీకటిపడిన పిమ్మట దిగుచు జారియుందురని కొందరూహింతురు. ఇర్విను పేరు కుట్టిన మేజోడుతో ఒక పాదము 2024లో హిమానీనదముపై బయల్పడెను. నూరేండ్లకు ఆ కొండ ఇచ్చిన జవాబు అంతమాత్రమే.

1953లో జాన్ హంట్ నాయకత్వమున వచ్చినవారు విజయమొందిరి. మే 29వ తేదీ ఉదయము 11 గంటల 30 నిమిషములకు ఎడ్మండ్ హిల్లరీ, టెన్సింగ్ నార్గే శిఖరముపై నిలిచిరి. ఇది అందరు నెరిగినదే. దానికి మూడు దినముల ముందు, మే 26న, బోర్డిలన్, ఎవాన్స్ అను నిరువురు దక్షిణపు ఉపశిఖరము చేరిరి. అంతవరకు లోకములో ఎవరును అడుగుపెట్టని చోటది. శిఖరము సుమారు 300 అడుగుల యెత్తున, ఎదుటనే కనబడుచుండెను. మధ్యాహ్నము ఒంటిగంట, సిలిండర్లలో ప్రాణవాయువు తరిగిపోవుచుండెను. పైకి పోవుటకు చాలవచ్చును, తిరిగివచ్చుటకు చాలదు. వారు మరలిరి. పోవుచు కొంతవాయువు మిగిలిన రెండు సిలిండర్లను దారిలో నుంచిరి. మూడవనాడు హిల్లరీ, టెన్సింగులకు ఆ సిలిండర్లే యక్కరకు వచ్చినవి. వెనుదిరిగినవారి వివేకము ముందునకు పోయినవారికి ఊపిరియైనదనుట యిచట ఉపమానము కాదు, జరిగిన సంగతి. టెన్సింగ్ మాత్రము మొదటిసారియే శిఖరము చేరెనా? 1935 నుండి ఆరుసార్లు ఆ కొండకు పోయి, ఆరుసార్లును మరలివచ్చి, ఏడవసారి చేరెను.

మన దేశీయుల చరిత్రమును ఇట్టిదే. 1954లో డార్జిలింగున హిమాలయ పర్వతారోహణ విద్యాలయము స్థాపింపబడెను. టెన్సింగ్ అచట యువకులకు శిక్షణ మిచ్చెను. 1960లో బ్రిగేడియర్ జ్ఞానసింగు నాయకత్వమున పోయిన జట్టులో సోనం గ్యాట్సో, నవాంగ్ గోంబూ, నరేంద్రకుమారు సుమారు 28,300 అడుగులు చేరి, గాలి యుధృతికి వెనుకకు మరలిరి. 1962లో రెండవ జట్టు సుమారు 28,600 అడుగులవరకు పోయి మరలెను. అందును గ్యాట్సో యుండెను. రెండుసార్లు శిఖరపు వాకిటినుండి తిరిగివచ్చినవానిని ఎవరును పిరికివాడనలేదు. 1965లో కోహ్లీ నాయకత్వమున పోయిన జట్టునుండి తొమ్మండుగురు శిఖరమెక్కిరి. వారిలో గోంబూ కలడు, గ్యాట్సోయు కలడు. 1960లో వారు మొండిపట్టు పట్టియున్నచో 1965 నాటికి వారుండెడివారు కారు.

ఈ వివేకము లోపించిన దినమున ఏమగునో 1996 మే 10వ తేదీ చూపినది. ఆ దినమున పలు జట్లు శిఖరమునకు బయలుదేరినవి. మధ్యాహ్నము ఒంటిగంటకు, మించిన రెండుగంటలకు, ఎచటనున్నవారచటినుండి మరలవలెనని ముందు అనుకొన్నమాట. ఒక జట్టులోని ముగ్గురు ఉదయము పదునొకండున్నర ప్రాంతమున, మనకు వేళ మించునని గ్రహించి దిగిపోయిరి. ముగ్గురును క్షేమముగా నిల్లుచేరిరి. తక్కినవారిలో కొందరు మూడింటికిని, నాలుగింటికిని శిఖరము చేరిరి. అంతలో తుఫాను వచ్చెను, చీకటి పడెను. ముందటి యేడు శిఖరము చేరువనుండి మరలిన ఒక యారోహకుడు ఈసారి మరల నొల్లకపోయెను. వానికొరకు వేచిన నాయకుడును వానితోపాటు మరణించెను. ఉత్తరపువైపున మన దేశపు సరిహద్దు రక్షకదళమువారు ముగ్గురు సాయంకాలము వరకు పైకే సాగి తిరిగిరాలేదు. మొత్తము ఎనమండుగురు పోయిరి.

ఆ నెలలోనే గోరన్ క్రోప్ అను స్వీడను దేశీయుడు తన దేశమునుండి సైకిలుపై వచ్చి, తన బరువు తానే మోసికొని, మే 3వ తేదీన శిఖరమునకు సుమారు 350 అడుగుల దూరమున నిలిచెను. వేళ మించినదని తెలిసి మరలెను. అన్ని వేల మైళ్లు త్రొక్కివచ్చినవాడు ఆ కొద్దిపాటి యెత్తును వదలుకొనుట యెంత కష్టమో యూహింపుడు. అతడు మే 23న మరల నెక్కి శిఖరము చేరెను.

ఇక మన తెలుగు బిడ్డల కథ. 2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మము జిల్లాకు చెందిన ఆనందకుమారు ఎవరెస్టు శిఖరము నెక్కిరి. పూర్ణకు అప్పటికి 13 సంవత్సరముల 11 నెలలు. శిఖరము నెక్కిన బాలికలలో అంత చిన్నవయస్సుది లేదు. ఆ పిల్లలు ఒక్కదినమున ఎవరెస్టు నెక్కలేదు. మొదట భువనగిరి బండపై త్రాడు పట్టుట నేర్చిరి. పిమ్మట డార్జిలింగున మంచుపై నడుచుట నేర్చిరి. లదాఖు చలిలో శరీరమును అలవాటు చేసికొనిరి. గురువు చెప్పినచోట ఆగుట, చెప్పినచోట దిగుట నేర్చిన పిమ్మటనే వారికి కొండ చూపబడెను.

దానికి రెండువారములకు, జూన్ 8వ తేదీన, హైదరాబాదునుండి విహారయాత్రకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచలప్రదేశమున బియాస్ నదిలోనికి దిగిరి. నీరు తక్కువగా నుండెను. రాళ్లపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుండిరి. ఎగువ లార్జీ ఆనకట్టనుండి నీరు వదలగా, చూచుచుండగానే నది పెరిగి 24 మంది విద్యార్థులను ఈడ్చుకొనిపోయెను. తగినంత హెచ్చరిక వారి నందలేదు. ఆ పిల్లలు సాహసకార్యమునకు పోలేదు. ఒడ్డున వేడుకగా నిలిచిరి. మృత్యువు 29,000 అడుగుల యెత్తుననే యుండునని యెంచుట పొరపాటు. శిక్షణముగల పదుమూడేండ్ల బాలిక అంత యెత్తునుండి నవ్వుచు దిగివచ్చినది. నదిని గూర్చి తెలియని యువకులు మోకాలిలోతు నీటినుండి రాలేకపోయిరి. ఈ రెండు సంగతులును మన తెలుగునాట ఒక్క వేసవిలో వినబడినవి. రెంటిని కలిపి తలచుకొనుట మంచిది.

కాబట్టి ఇల్లు వదలి కొండకో, యేటికో పోవు పిల్లలకు పెద్దలు కొన్ని మాటలు చెప్పి పంపవలెను. ఏ దారిని పోవుచున్నారో, ఏ దినము ఏ వేళకు తిరిగివత్తురో ఇంటిలో చెప్పి పోవలెను. ఆ వేళ మించిన ఎవరిని పిలువవలెనో ఇంటివారికి తెలిసియుండవలెను. మరలు వేళను బయలుదేరకముందే, బుద్ధి నిర్మలముగా నున్నప్పుడే నిర్ణయించుకొనవలెను. శిఖరము కనబడిన పిమ్మట నిర్ణయింప బూనిన, కన్ను చెప్పినట్లు బుద్ధి వినును. జట్టులో అందరికంటె మెల్లగా నడుచువాని నడకయే జట్టు నడక కావలెను. పగటి ప్రయాణమైనను టార్చిలైటు, నీరు, ఒక వెచ్చని వస్త్రము విడువరాదు. మాలరీ గుడారములోని దీపమును మరువకుడు. ఆనకట్ట దిగువ నదిలో, నీరెంత తక్కువగా నున్నను, దిగరాదు. ఉరుము వినబడిన కొండకొమ్ము వదలి దిగవలెను. ఒంటిచెట్టు క్రింద నిలువరాదు.

పెద్దలు తమకై తాము గుర్తుంచుకొనవలసిన మాటయు ఒకటి కలదు. కేదారనాథము సుమారు 11,700 అడుగుల యెత్తున, అమరనాథ గుహ సుమారు 12,700 అడుగుల యెత్తున నున్నవి. ఎనిమిదివేల అడుగులు దాటినది మొదలు పర్వతవ్యాధి ఎవరికైనను రావచ్చును. బలవంతుడని, భక్తుడని అది విచారింపదు. తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకుండుట దాని తొలిగుర్తులు. అవి కనబడినచోటనే ఆగవలెను, తగ్గనిచో దిగవలెను. కూర్చున్నను ఆయాసము తగ్గకున్నను, త్రాగినవానివలె అడుగు తడబడినను, రాత్రియైనను వెంటనే క్రిందికి దింపవలెను. దిగుటను మించిన మందు దానికి లేదు. 1996 ఆగస్టున అమరనాథయాత్రలో అకాలపు మంచుతుఫానుచే 240 మందికి పైగా యాత్రికులు మరణించిరి. ఇప్పుడు ఆ యాత్రకు వైద్యుని ధ్రువపత్రము తప్పనిసరి. దానిని కేవలము ఒక కాగితముగా నెంచక, నిజముగా పరీక్ష చేయించుకొని పోవుట మన మేలునకే.

ఇన్ని జాగ్రత్తలు చెప్పినను, ఒకటి లోపించిన అన్నియు వ్యర్థమగును. మనుష్యుని కొండపై ముందునకు త్రోయునది తరచుగా కోరిక కాదు, సిగ్గు. ఇంతదూరము వచ్చి ఎట్లు మరలుదును, ఊరిలో ఏమందురు, తోడివారు నవ్వుదురుగదా యను తలంపు. చల్లగాలికి గడ్డకట్టిన బుద్ధిలో కూడ ఆ తలంపు చావదు. ఆ సిగ్గును పోగొట్టగలవారు వైద్యులు కారు, శిక్షకులు కారు. ఇంటివద్ద నున్న పెద్దలు. పోవుచున్న కుమారునితో, మనుమనితో, ఆడబిడ్డతో, నీవు కొండ చూడకుండ వచ్చినను మాకు సంతోషమేయని ముందుగా చెప్పుడు. సగము దారినుండి మరలివచ్చినవాడు గడపలో నిలిచినప్పుడు, ఎందులకు మరలితివని అడుగకుడు. కాళ్లు కడుగుకొమ్మని నీళ్లిచ్చి, భోజనము పెట్టి, దారిలో ఏమి చూచితివో చెప్పుమని అడుగుడు. నార్టనునకు, బోర్డిలనునకు, గ్యాట్సోకు చెల్లవలసిన గౌరవమే వానికిని చెల్లవలెను. కొండ మరుసటి యేడును అచటనే యుండును.